చివరలు కట్టని ఆకుదండ

నా చిన్నప్పుడు మా ఇంటి ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ ఉండాల్సిన చోట ఆకులుండేవి. చిన్నప్పుడు అనడానికి నాకింకా ఇరవై నాలుగేళ్ళే. కానీ మా తమ్ముడు నన్ను పాతకాలం మనిషినని ఎప్పుడో తేల్చేశాడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

దోహాలో, అల్ సద్‌లోని ఒక బిల్డింగ్ మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. నాన్న ఒక కంపెనీలో సేఫ్టీ ఆఫీసర్; ఇంట్లో బల్లి కనిపిస్తే మాత్రం అమ్మనే పిలిచేవాడు. పక్క ఫ్లాట్ ఆంటీది హవాయి దీవులు. ఉమ్ సలాల్ వైపు ఒక తోటలో నీడన పెంచుతున్న పొడవాటి ఆకులు దండలల్లడానికి కోసుకొచ్చి, నడిమి ఈనె తీసి, చుట్టలు చుట్టి డీప్ ఫ్రిజ్‌లో పెట్టేది. గడ్డకట్టి కరిగిన ఆకు గుడ్డలా మెత్తబడుతుందట, మెలిపెట్టినా చిరగదట. ఆ ఎండాకాలం ఆమె ఫ్రిజ్ చెడిపోయి, ఆకులు మా ఇంటికొచ్చాయి.

అదే వారం అమ్మకు వాంతులు మొదలయ్యాయి.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నేరం జరిగిందనడానికి ఇంకేం కావాలి? ఫ్రిజ్ తలుపు తీస్తే చాలు, అమ్మ ముక్కు మూసుకునేది. నాన్న డ్యూటీ నుంచి వస్తూ నిమ్మకాయలు తెచ్చేవాడు. ఇద్దరూ జగిత్యాలలోని అమ్మమ్మకు ఫోన్ చేసి గుసగుసలాడేవారు. నేను దగ్గరికి వెళ్తే అమ్మ "పోయి ఆడుకో బిడ్డా" అనేది. బయట నలభై ఏడు డిగ్రీలు. ఎక్కడ ఆడుకోవాలో మాత్రం చెప్పేది కాదు.

అమ్మను కాపాడాల్సిన బాధ్యత నా మీద పడింది. అనుమానితురాలిని దగ్గర్నుంచి గమనించడానికి ఆంటీ దగ్గర దండలు అల్లడం నేర్చుకుంటానని చేరాను. ఆకును కాలి బొటనవేలికి తగిలించి, రెండు పాయలనూ ఒకవైపు మెలిపెడుతూ, ఒకదాని మీదుగా ఒకటి ఎదురువైపు తిప్పాలి. నా చేతిలో అది దండ అయ్యేది కాదు, చీపురయ్యేది. ఓ రోజు మాట కలుపుతున్నట్టు, ఈ ఆకు తినొచ్చా అని ఇంగ్లిష్‌లో అడిగాను. మా ఊళ్ళో ఇందులో చుట్టి వంటలు వండుతాం అంది. నేరం ఒప్పుకుందని మనసులో రాసుకున్నాను.

ఆమె దోహా వచ్చి ఏడాదైందని మా అంతస్తులో నాలుగిళ్ళకూ దండలు పంచింది. మోసింది నేనే. మూడిళ్ళలో గుండ్రంగా ముడివేసిన దండలే మెడలో వేసింది. చివర మా ఇల్లు. అమ్మకు వేసిన దండకు మాత్రం ముడి లేదు. రెండు కొసలూ కండువాలా వేలాడుతున్నాయి. విషం చాలక, మా అమ్మకు సగంలో వదిలేసిన దండా? సోఫాలో కూర్చున్న అమ్మ ముందు నిలబడి, కొసలు రెండూ లాగి, బూటు తాడులా రెండు ముళ్ళు బిగించాను.

ఏనాడూ గట్టిగా మాట్లాడని ఆంటీ ఒక్క అంగలో వచ్చి నా వేళ్ళ కిందినుంచి ఆ ముడి విప్పేసింది. కడుపుతో ఉన్న మనిషికి మా వాళ్ళు దండ మూసి వెయ్యరు, లోపల బిడ్డ మెడకు పేగు చుట్టుకుంటుందని భయం, అంది మెల్లగా.

అమ్మ ఇంగ్లిష్ అంతంతమాత్రం. తెలుగులో చెప్పాల్సింది నేనే. అలా మా ఇంట్లో బిడ్డ పుట్టబోతోందన్న సంగతి నాకు నేనే చెప్పుకున్నాను.

"నీకెవరు చెప్పిన్రక్కా?" అని ఆంటీని అడిగింది అమ్మ.

ఎవరూ చెప్పలేదట. ఆకుల కోసం వచ్చినప్పుడల్లా నువ్వు ముక్కు మూసుకుని ఫ్రిజ్ తలుపు తీస్తున్నావు కదా, అంది ఆంటీ.

"పోయినసారి అందరికి చెప్పుకున్న. నిలువలే. అందుకే ఈసారి నోరు మూసుకున్న," అంది అమ్మ.

అది కూడా నేనే ఇంగ్లిష్‌లోకి మార్చాను. పోయినసారి అనేది ఒకటుందని నాకప్పటిదాకా తెలియదు. ఆంటీ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఆ తర్వాత నా అవసరం పడలేదు.

అమ్మ ముక్కు మూసుకోవడం నాలాగే ఆంటీ కూడా చూసింది. నేను విషమని తేల్చాను. ఆమె ఒక్క మాటా అడగకుండా, కొసలు వదిలేసి దండ అల్లింది.

తమ్ముడు చలికాలం దాటాక పుట్టాడు. ముడి విప్పినందుకే క్షేమంగా పుట్టాడని నేననను. వాడి అల్లరి చూస్తే ఎన్ని ముళ్ళు వేసినా ఆగే రకం కాదు. నాకు మిగిలింది ఒకటే. ఇప్పటికీ ఎవరైనా నా ముందు మాట సగంలో ఆపితే, మిగతా సగం నా ఊహతో ముడివెయ్యను. వేళ్ళు దురద పెడతాయి. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడతాను.