మిర్చి జంపఖానా మీద శవాసనం

ఊపిరి పీల్చడం కూడా ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సిన విద్య అని గుంటూరుకు అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి. అంతకుముందు కూడా ఊళ్లో జనం పీల్చేవారు గానీ, అది పద్ధతిగా ఉండేది కాదట. మాది మార్టూరు. మా వైపు మనిషి వంగాడంటే రాయి ఎత్తడానికైనా అయ్యుండాలి, ఎత్తలేక నడుము పట్టేసైనా ఉండాలి. ఊరికే వంగి, వంగినందుకు మెప్పు పొందేవాళ్లను గుంటూరు వచ్చాకే చూశాను. డిగ్రీ పట్టుకుని వచ్చి ఒక మిర్చి ఎగుమతి కంపెనీలో క్వాలిటీ సూపర్‌వైజర్‌గా చేరాను. (పేరు పెద్దదే. పని మాత్రం గోడౌన్‌లో కాయలు విరిచి చూడటం.) కొన్ని నెలలు గడిచాయి, నన్ను ఉంచాలో పంపాలో ఆ నెలాఖరుకు మా ఓనరు గారు తేల్చాలి. ఆయన పైన ఏసీ గదిలో రోజూ శాంపిల్ కాయలు నలిపి చూస్తూ, నేను కింద బస్తాల మధ్య. నా పేరు సంగతి అలా ఉంచి, నేనొకణ్ణి ఉన్నానని కూడా ఆయనకు తెలియదు.

ఇలా ఉండగా, ఓనరు గారు భార్య మాట కాదనలేక రోజూ పొద్దున్నే ఒక యోగా స్టూడియోకు వెళ్తున్నారని ఆఫీసులో గుసగుసలు విన్నాను. వెంటనే నాకు యోగా మీద ఎక్కడలేని గౌరవం పుట్టింది. ఆయన పక్కన నాలుగు రోజులు వంగితే మొహం గుర్తుంటుంది, మొహం గుర్తుంటే ఉద్యోగం ఉంటుంది. మా గోడౌన్ మేస్త్రికి (అందరం భాయ్ అనేవాళ్లం) ఈ ఉపాయం చెప్పి, చివర్లో కదలకుండా పడుకోబెట్టే ఆసనం కూడా ఉంటుందన్నాను. ఆయన బీడీ తీసి, "పడుకోడం నేర్చుకోడానికి పోతన్నావంట్రా? ఈ బస్తాల మీద పడుకో, నేనే నేర్పుతా" అన్నాడు.

స్టూడియో మూడో అంతస్తులో. కిటికీలన్నీ బిగించి ఏసీ వేశారు. స్పీకర్‌లో సెలయేటి చప్పుడు వస్తోంది. బాత్రూమ్ పంపులో మాత్రం నీళ్లు రావడం లేదు. గుమ్మం పక్కన కొత్తవాళ్లకు మర్యాదలు రాసిన బోర్డు. కడుపు ఖాళీగా ఉండాలి (నేను ఇడ్లీ తిని వచ్చాను). ఫోన్ నోరు మూయాలి, మనమూ మూయాలి. పక్కవాళ్ల మ్యాటు తొక్కరాదు. ఘాటైన వాసనలు పూసుకుని రారాదు. శవాసనం అయ్యేదాకా చచ్చినా లేవరాదు. ఎవరి మ్యాటు వారే తెచ్చుకోవాలి. కొత్తల్లుడు కూడా ఇన్ని షరతులు పెట్టడు.

అందరివీ రంగురంగుల రబ్బరు మ్యాట్లు. నేను తెచ్చింది గోడౌన్‌లో శాంపిల్ కాయలు పోసే జంపఖానా. మేడ మీదికి తీసుకెళ్లి దులిపాను, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాను. ఏ ఘాటూ లేదు. (నెలల తరబడి మిర్చి గోడౌన్‌లో మగ్గిన ముక్కు సాక్ష్యం ఏ కోర్టులోనూ చెల్లదని అప్పుడు తోచలేదు.) దాన్ని వినయంగా ఓనరు గారి పక్కనే పరిచాను. ఆయనకు అటువైపు ఆయన భార్య.

యోగా నేర్పే మేడమ్ గారు వచ్చారు. ఎక్కడో కొండల్లో నేర్చుకొచ్చిన గొంతుతో "ఇప్పుడు మనం వంగుదాం" అనేవారు. మేం వంగేవాళ్లం, ఆవిడ చూసేవారు. సూర్య నమస్కారాల్లో నేను పడినప్పుడల్లా జంపఖానా నుంచి ఒక మెత్తటి చప్పుడు. ఆ తర్వాత ప్రాణాయామం. "లోతుగా పీల్చండి. గదిలో ఉన్నదంతా మీ లోపలికి రానివ్వండి" అన్నారు. వచ్చింది.

ముందు వరసలో ఒక పెద్దమనిషి భుజాలు అదిరాయి. ఎవరో గొంతులోనే దగ్గు మింగారు. లేవకూడదు, మాట్లాడకూడదు. చదువుకున్నవాళ్లు కదా, బోర్డు మీద ఉన్నదానికి కట్టుబడి, కూర్చున్నచోటే ధారగా ఏడుస్తున్నారు. ఓనరు గారి భార్య వెక్కిళ్లు పెడుతున్నారు. చివరికి మేడమ్ గారి కళ్లూ నిండాయి. "ఆపుకోవద్దు," అన్నారావిడ బొంగురుగా, "ఇన్నేళ్లూ లోపల దాచుకున్న బాధంతా పోతోంది. పోనివ్వండి." పోనిచ్చారు. గదిలో పొడి కళ్లతో మిగిలింది ఇద్దరమే, ఓనరు గారూ నేనూ. ఆవిడ మావైపు జాలిగా చూసి, "మీరిద్దరూ ఇంకా తెరుచుకోలేదు" అన్నారు.

శవాసనంలో పక్కనుంచి చిన్నగా ఓనరు గారి గొంతు వినిపించింది. "ఎవర్రా నువ్వు?"

"మన గోడౌన్ కుర్రాణ్ణేనండి. క్వాలిటీ."

చేయి చాచి జంపఖానా అంచు వేళ్లతో నలిపారు. "తేజానా?"

"తేజా రకం మిర్చేనండి. కొత్త పంట." ఉద్యోగం పోయిందనుకున్నాను. లేచి పారిపోదామని మోచెయ్యి ఆనించాను.

"లేవమాక. లేస్తే ఇంకా రేగుద్ది."

బయట చెప్పుల దగ్గర ఆయన భార్య ఎర్రబడ్డ కళ్లతో, ఇంత తేలిగ్గా పెళ్లయ్యాక ఎప్పుడూ లేదని మేడమ్ గారి చేతులు పట్టుకుని చెబుతున్నారు. ఓనరు గారు ఒక్క మాట చెబితే నేను మార్టూరు బస్సెక్కాలి. ఆయన తీరిగ్గా చెప్పులు వేసుకుని నా దగ్గరికి వచ్చారు. "మా ఇంటావిడకి నామీదున్న కోపం మొత్తం పోయిందంట. రేపు కూడా అదే తీసుకురా." రెండు మెట్లు దిగి వెనక్కి తిరిగారు. "దులపమాక."

ఆ నెలంతా స్టూడియో పేరు ఊళ్లో మోగిపోయింది. ఏడవడానికి జనం క్యూ కట్టారు. నెలాఖరుకు నన్ను పర్మనెంట్ చేశారు. ఆర్డరులో కారణం రాయలేదు. నేను యోగా మానేశాను. తర్వాత అక్కడ ఎవరికీ కన్నీళ్లు రాలేదని, ఆ మొదటి బ్యాచ్ మహిమే వేరని మేడమ్ గారు చాలాకాలం బాధపడ్డారని విన్నాను.

ఏళ్లు గడిచాయి. ఇప్పుడు పై ఏసీ గదిలో కాగితాలు చూస్తూ కూర్చునేది నేనే. నడుము పట్టేసి, మా ఆవిడ మాట కాదనలేక మళ్లీ అదే స్టూడియోకు వెళ్తున్నాను. మంచి మ్యాటు కొన్నాను. కొత్తవాళ్లెవరైనా దాన్ని తొక్కితే బోర్డు వైపు చూపిస్తాను కూడా. మొన్న ఒక శాంపిల్ కోసం చాన్నాళ్లకు కింద గోడౌన్‌లోకి దిగాను. రెండడుగులు వేశానో లేదో తుమ్ములు, దగ్గు, కళ్లవెంట ధారగా నీళ్లు. గోడ పట్టుకుని నిలబడితే హమాలీ ఒకతను బస్తా దించి, "పైకెళ్లండి సార్, మీకు పడదు" అన్నాడు. అక్కడ భాయ్ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. కళ్లు తుడుచుకుంటూ మెట్లెక్కాను. మేడమ్ గారు చూడాల్సింది. ఇన్నాళ్లకు తెరుచుకున్నాను.