మూడో పెడల్

మా మెకానిక్ మేస్త్రీ గారు మొదటి నాలుగు నెలల్లో నాతో అన్న మాటలన్నీ కలిపి రాస్తే అర పేజీ నిండదు. అందులో సగం "ఆయ్". మా కోనసీమ బయట పుట్టినవాళ్లు ఈ మాటను "అవును" అనుకుంటారు. కాదు. "మీరు చెప్పింది నా చెవిన పడిందండీ" అని మాత్రమే దాని అర్థం. చేస్తారా చెయ్యరా అన్నది వేరే సంగతి. రాజోలులోనే పుట్టి పెరిగి, ఇరవై ఏళ్లుగా ఇక్కడి హైస్కూల్లోనే ఫిజిక్స్ చెబుతున్న నేను కూడా ఆ తేడా మరిచిపోయానంటే నన్ను నేనే తిట్టుకోవాలి.

ముందు కారు సంగతి చెప్పాలి. అది మా వీధి చివర ఉండే కొబ్బరి షావుకారు గారిది. ఎక్కడో విదేశంలో తయారై, ఎన్ని చేతులు మారిందో గానీ చివరికి మా గోదారి లంకల్లోకి వచ్చిపడిన పాత స్పోర్ట్స్ కారు. ముదురాకుపచ్చ రంగు, రెండే సీట్లు, మడిచేసుకునే గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. అందులో కూర్చుంటే పీట మీద కూర్చున్నంత ఎత్తే ఉంటుంది. కొబ్బరికాయల లారీల పక్క నుంచి ఆయన దాన్ని తోలుకుపోతుంటే వీధంతా అరుగుల మీదికి వచ్చేది.

నాకు పదేళ్లప్పుడు ఒకరోజు బడి వదిలే వేళకి వాన పట్టుకుంది. రెండేళ్ల వయసులో పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నగా ఉండిపోయింది. ఇనుప పట్టీల బూటు వేసుకుని బురదలో ఈడ్చుకుంటూ వస్తుంటే షావుకారు గారు కారాపి, "ఎక్కమ్మా, తడిసిపోతన్నావు" అన్నారు. ఎక్కాను. ఇంకే పిల్లైనా ఆ మెరిసే డయళ్లనో, వాన తుడిచే పుల్లలనో చూసేది. నేను ఆయన కాళ్ల దగ్గరే చూస్తూ కూర్చున్నాను. కింద మూడు పెడళ్లు ఉన్నాయి. ఎడమ కాలు ఒకదాన్ని తొక్కుతోంది, కుడి కాలు మిగిలిన రెండిటి మధ్యా తిరుగుతోంది.

"ఏంటమ్మా అలా చూస్తన్నావు?" అన్నారు.

"నేను తోలాలంటే ఒక కాలు తక్కువౌతుందండీ."

ఆయన చెడ్డవాడు కాదు. ముచ్చటపడి నవ్వేరు. "నీకెందుకమ్మా ఆ శ్రమ? పెద్దయ్యాక డ్రైవర్ని పెట్టుకుందువు గాని" అన్నారు. ఇంటి గుమ్మం దాకా తెచ్చి దింపేరు కూడా. నేను థాంక్స్ చెప్పలేదని మా అమ్మ కోప్పడింది. ఆయన అన్న ఆ మాట నాకెంత మంటగా తగిలిందో ఆ వయసులో చెప్పడం చేతకాలేదు.

తరవాత ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. మా ఆయన తాటిపాక గ్యాస్ ప్లాంటులో చేస్తారు. నెమ్మదైన మనిషి. పక్క చక్రాలు పెట్టిన స్కూటరు మీద బడికి నేనే వెళ్లొస్తాను గానీ, ఊరు దాటాలంటే మాత్రం ఆయన బండి వెనకే. చర్చికైనా పెళ్లికైనా ఆయన వీపే నాకు దారి. ఎంత మంచి వీపైనా ఎన్నేళ్లని చూస్తాం?

షావుకారు గారు పోయిన కొన్నేళ్లకు ఆయన కొడుకులు గోడౌను ఖాళీ చేస్తూ, ఆ కారును పాత ఇనుముకు ఇచ్చేస్తున్నారని తెలిసింది. బడి నుంచి స్కూటరు నేరుగా అక్కడికే పోనిచ్చాను. కాయలు ఒలిచి పడేసిన కొబ్బరి డొక్కల గుట్ట కింద ముక్కొక్కటే కనబడుతోంది. ఉప్పుగాలికి కింద రేకు మొత్తం పోయింది. సీట్లలో ఎలుకలు కాపరం పెట్టాయి. నేను వంగి లోపలికి చూశాను. మూడు పెడళ్లూ ఉన్నాయి. "ఇది నేను తీసుకుంటానండీ" అన్నాను.

రెండు రోజులాగి మా ఆయన, "కారే కావాలంటే క్లచ్ లేనివి బోలెడు వస్తున్నాయి కదా" అన్నారు. నిజమే, వస్తున్నాయి. వాటికి రెండే పెడళ్లు. నాకు పదేళ్లప్పటి నుంచీ లెక్క తేలనిది మూడు పెడళ్ల కారుతో. అదే చెప్పాను. ఆయనకు అర్థమైందో లేదో గానీ, మర్నాడు పెరట్లో వంటచెరుకు పెట్టుకునే పాక ఖాళీ చేయించారు.

మేస్త్రీ గారు అప్పుడు వచ్చారు. కువైట్‌లో పద్దెనిమిదేళ్లు కార్ల గ్యారేజీలో చేసి, తిరిగొచ్చి పడవల ఇంజన్లూ నీటి మోటార్లూ బాగుచేసుకుంటున్న మనిషి. అరవైకి దగ్గర. నేను మొదటి రోజే చెప్పాను: "ఈ కారు నేనే తోలాలండీ. నా ఎడం కాలు పనిచెయ్యదు. క్లచ్ చేత్తో పట్టుకునేలా లివర్ పెట్టాలి."

"ఆయ్" అన్నారు.

పని మాత్రం బంగారంలా చేశారు. బిగుసుకుపోయిన ఇంజన్లో ప్లగ్గుల బొక్కల గుండా కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, "ఆవకాయలాగే దీన్నీ ఊరనివ్వాలండీ" అన్నారు. అది ఆయన నాతో అన్న పొడుగాటి మాటల్లో ఒకటి. మూడు వారాలు ఊరింది. రోజూ సాయంత్రం వచ్చి స్పానరు వేసి చూడటం, తల అడ్డంగా ఊపి వెళ్లిపోవడం. ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి ఇంజను అంగుళం కదిలిందట. ఆయన మొహంలో ఆ సంతోషం చూసి నేను ఇంకోసారి లివర్ సంగతి గుర్తు చేశాను. "ఆయ్."

కింద కొత్త రేకు వేసి వెల్డింగు చేశారు. సీట్ల పని నాది. చట్రాలు విడగొట్టి, మన కొబ్బరి పీచునే పొరలు పొరలుగా నొక్కి, గోనెగుడ్డ వేసి, పైన రెక్సిన్ కుట్టాను. చేతులు బొబ్బలెక్కాయి. స్టాఫ్ రూములో చూసినవాళ్లు ఏమైందని అడిగితే కారు సీటు కుడుతున్నానని చెప్పాను. నవ్వేసి ఊరుకున్నారు.

ఒక సంగతి నేను గమనిస్తూనే ఉన్నాను, గమనించనట్టు ఉన్నాను. ఏదైనా అడగాల్సి వస్తే మేస్త్రీ గారు మా ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా ఆగేవారు. "సార్ గారండీ, అద్దం ఎంత ఎత్తులో పెట్టమంటారు?" "సార్ గారండీ, స్టీరింగు ఇంత దూరం చాలా?" నేను పక్కనే ఉండేదాన్ని. మా ఆయన నా వైపు చూసేవారు, నేను చెప్పేదాన్ని, మేస్త్రీ గారు మళ్లీ ఆయనకే తల ఊపేవారు. నాలోని టీచరు చాలాసార్లు నోరు తెరవబోయింది. పని ఆగిపోతుందేమో అని మూసేశాను.

నాలుగు నెలలయ్యాక ఒక మధ్యాహ్నం, "అయిపోయిందండీ, వచ్చి చూడండి" అన్నారు. పాకలో కారు పచ్చగా, పెళ్లికి ముస్తాబైనట్టు నిలబడి ఉంది. స్టార్టు చేస్తే ఇంజను ఒక్కసారి దగ్గి, గొంతు సవరించుకుని పాడటం మొదలెట్టింది. నా కళ్లమ్మట నీళ్లొచ్చాయి, దాచుకోలేదు. చేతికర్ర పక్కన పెట్టి డ్రైవరు సీట్లో కూర్చున్నాను.

నా కుడి పాదం బ్రేకుకు అందలేదు. సీటు వెనక్కి జరిపి నాలుగు బోల్టులతో బిగించేసి ఉంది. మా ఆయన నాకన్నా జానెడు పొడుగు. చేతి లివర్ ఎక్కడా లేదు. మూడో పెడల్‌కి మాత్రం కొత్త రబ్బరు తొడిగి ఉంది.

"మేస్త్రీ గారూ, లివర్ ఏదండీ?"

ఆయన మా ఆయన వైపు చూశారు. మా ఆయన నేల వైపు చూశారు.

"సార్ గారు తోలతారు గదండీ" అన్నారు మేస్త్రీ గారు. "మీకెందుకండీ టీచర్ గారూ ఆ శ్రమ? మీరు హాయిగా పక్కన కూకోండి."

నలభై ఏళ్ల కిందటి మాట, అదే మర్యాదతో, అదే ప్రేమతో మళ్లీ వచ్చింది. ఈసారి నాకు చెప్పడం చేతనైంది. ముందు మా ఆయన మీద పడ్డాను. "మీకు తెలుసు కదూ?" అంటే, "సీటు కొలత నాకే పెట్టేరు. అప్పుడే చెప్పాల్సింది. నీకేదైనా దెబ్బ తగిలితే నేను చూడలేననిపించింది" అన్నారు. ఆ మాటకు కోపం తగ్గలేదు గానీ, ఆయన మీద నుంచి మళ్లింది.

మేస్త్రీ గారికి సీటు ఖాళీ చేసి ఇచ్చాను. "మీరు కూర్చోండి. ఎడం కాలు సీటు మీద మడిచి పెట్టుకోండి. ఆఁ, అలా. ఇప్పుడు తోలండి."

"ఎలాగండీ?"

"నాకెందుకండీ ఆ శ్రమ? మీరే చెప్పండి."

ఆయన కుడి కాలు క్లచ్ మీద పెట్టారు. యాక్సిలరేటర్ తొక్కడానికి కాలు లేదు. అటు మార్చారు, ఇటు మార్చారు. బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. ఆయన వంగి కిందున్న మూడు పెడళ్లనీ చూశారు. పద్దెనిమిదేళ్లు కార్ల కిందే బతికిన మనిషికి, కారు లోపల నేనెలా ఉంటానో అప్పుడే తెలిసిందనుకుంటాను. దిగి, టేపు తీసి, మొదటిసారి నా మొహంలోకి చూసి అడిగారు.

"మీ చెయ్యి ఎంతవరకు వస్తాదండీ?"

ఆ ప్రశ్న కోసం నేను నాలుగు నెలలు ఆగాను. నిజానికి ఇంకా ఎక్కువే.

మొదటి లివర్ కుడి చేతి వైపు, తలుపు పక్కన పెట్టాం. కొబ్బరి తోటలో పరీక్ష. కుడి చేత్తో క్లచ్ లాగాను, ఎడమ చేత్తో గేరు వేశాను, బ్రహ్మాండం. అప్పుడు గుర్తొచ్చింది, స్టీరింగు ఎవరూ పట్టుకోలేదు. కారు తన ఇష్టప్రకారం వెళ్లి అరటి బోదె కూల్చి ఆగింది. మా ఆయన పరుగెత్తుకొచ్చారు. నేను నవ్వుతుంటే ఆయనకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు బల్ల మీద సుద్దముక్కతో బొమ్మ గీశాను. క్లచ్చూ గేరూ రెండూ ఎడమ చేతికే రావాలి. గేరు కర్రకే మోటారు సైకిల్ బ్రేకు లాంటి పిడి పెట్టి, వేళ్లతో నొక్కితే తీగ క్లచ్‌ను లాగేలా. మేస్త్రీ గారు పెట్టారు. నొక్కితే నా వేళ్లు నొప్పి పుట్టాయి గానీ క్లచ్ కదల్లేదు. కాలు చేసే పని వేళ్లతో అయ్యేది కాదు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు లివర్ల పాఠం చెబుతున్నాను, లెక్క వేస్తే తేలింది: తక్కువ బలంతో నొక్కాలంటే పిడి పొడుగు పెంచాలి, పెంచితే అది డాష్‌బోర్డుకు తగులుతుంది.

మూడు వారాలు ఏమీ తోచలేదు. వద్దని ఎవరూ అనలేదు, అందరూ అనుకుంటున్నారని తెలుసు. రబ్బరు బంతి కొని స్టాఫ్ రూములో కూర్చుని ఎడమ చేత్తో నొక్కడం మొదలెట్టాను. వేళ్లలోనైనా బలం పెంచుకుందామని. ఒకరోజు మేస్త్రీ గారు పిలవకుండానే వచ్చారు, చేతిలో గుండ్రటి ఇనుప డబ్బా. పాత వ్యాన్లోంచి తీసిన బ్రేకు బూస్టరట. ఇంజను గాలి పీల్చుకునే బలంతో అది మన కాలికి సాయం పడుతుంది.

"కాలికి సాయం చేసేది చేతికి చెయ్యదేంటండీ అనిపించిందండీ" అన్నారు. ఆయన మాటల్లో అంతకన్నా మంచి మాట నేను వినలేదు.

అది బిగించాక రెండు వేళ్లతో క్లచ్ దిగింది. సీటు నా కొలతకు ముందుకొచ్చింది. నా లైసెన్సుకూ, మార్చిన బండి అనుమతికీ అమలాపురం ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగాను. తోటలో వరసల మధ్య నెలన్నర నేర్చుకున్నాను. అరటి చెట్లు మిగిలినవి మిగిలాయి. మూడో పెడల్ పీకేద్దామా అని మేస్త్రీ గారు అడిగితే వద్దన్నాను. అది అక్కడే ఉండాలి. నేను దాన్ని తొక్కకుండా తోలుతున్నానని నాకు కనబడుతూ ఉండాలి.

మొదటిసారి రోడ్డెక్కిన రోజు, పక్క సీట్లో మేస్త్రీ గారే కూర్చోవాలని పట్టుబట్టాను. మా ఆయన తన బండి మీద వెనక వస్తానన్నారు. పొద్దున్న ఎండలో టాపు తీసేసి, కాలవ గట్టు రోడ్డు పట్టుకుని సఖినేటిపల్లి రేవు వైపు బయల్దేరాం. మొదటి గేరు. పిడి నొక్కి రెండో గేరు. ఆటోలవాళ్లు హారన్లు కొట్టి చేతులూపారు. మూడో గేరు. చిన్న అద్దంలో మా ఆయన బండి చిన్నదవుతోంది. ఇన్నేళ్లు నేను ఆయన వీపు చూశాను, ఇప్పుడు ఆయన నా వీపు చూస్తున్నారు. ఆయన నవ్వుతున్నారని అంత దూరం నుంచీ తెలిసింది.

గాలి మొహానికి కొడుతోంది. నాకు అరవాలనిపించింది, అరిచాను కూడా.

మేస్త్రీ గారు రెండు చేతులా తలుపు పట్టుకున్నారు. "కొంచెం నెమ్మదండీ టీచర్ గారండీ" అన్నారు.

"ఆయ్" అన్నాను, పిడి నొక్కి నాలుగో గేరు వేస్తూ.