ఆకు రాల్చని ఓక్ చెట్టు

ఆండర్సన్‌పేటలో కట్టెల మిషను పక్కగా పోతుంటే పచ్చికొయ్య వాసన ముక్కుకు తగులుతుంది. ఇప్పటికీ నేను ముక్కు మూసుకుని గబగబా దాటేస్తాను.

మా నాయనది ఆ ఊరి బంగారు గనిలో పని. ఖాళీపడిన దొరల బంగళా తోటలో, కొమ్మలన్నీ పైకే ముడుచుకుని సన్నగా ఎదిగే ఓక్ అనే సీమచెట్టును చూసి మోజుపడి, దాని కింద మొలిచిన మొక్కనొకదాన్ని తెచ్చి, చెయ్యి చాపితే పక్కింటి గోడ తగిలే మా గనికూలీల ఇళ్ల వరసల్లో, లైన్ల సందులో నాటాడు. "చలికి ఆకు ఎర్రగా తిరిగినప్పుడు చూడండి, కండ్లు చాలవు" అనేవాడు. కచ్చకాయలు ఆడుకుంటూ, పితికిపప్పు కోసం అనపకాయలు ఒలుస్తూ, గెడలాగా పైకి పోతున్న దాన్నే చూస్తూ కొన్ని చలికాలాలు గడిపాం. చివరికి ఒక మార్గశిరంలో అది తోమిపెట్టిన రాగిచెంబులా మెరిసింది. నాయన డ్యూటీ నుంచి వచ్చి, ముద్ద కూడా తినకుండా దాని ముందే కూర్చునేవాడు.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలవలేదు. ఆకులన్నీ ఎండిపోయాయి, కానీ ఒక్కటీ రాలలేదు. గాలి వీస్తే గలగలమంటూ, చచ్చిన చెట్టే నిలబడినట్టుండేది.

"గనిలోకి దిగే మొగోడుండే ఇంటి ముందర ఎండుమాను పెట్టుకుంటారా యాడన్నా?" అంది పక్కింటి మునెమ్మత్త. ఆ మాట అమ్మ గుండెలో ముల్లై కూర్చుంది. "చలి పోతే చిగురేస్తాది, ఉండు" అని నాయన నవ్వేశాడు.

ఒక మధ్యాహ్నం భూమి అదిరింది. గూట్లో గిన్నెలు దొర్లాయి. గని లోపల రాయి పేలిందంటూ ఆడవాళ్లంతా గనిలోకి దించే షాఫ్టు దగ్గరికి పరుగెత్తారు. ఆ పూట నాయన కూడా లోపలే ఉన్నాడు. అమ్మ మాత్రం మచ్చుకత్తి తీసుకుని చెట్టు మీద పడింది. నేను ఏడుస్తూ కొంగు పట్టి లాగాను. నాకు నాయనా కావాలి, చెట్టూ కావాలి. విదిలించేసింది.

"దీన్ని తీసుకోప్పా దేవుడా, ఆయప్పను పైకి పంపించు" అంటూ నరికింది.

పొద్దుగూకాక నాయన వచ్చాడు, ఒళ్లంతా రాతిదుమ్ముతో. పడి ఉన్న మానును గోటితో గీకాడు. బెరడు కింద పచ్చగా ఉంది.

"బతికే ఉండాది గదమే" అన్నాడు.

"నువ్వు బతికుండావు గదా. ఇంగ నాకది చాలు" అంది అమ్మ.

ఏళ్లు గడిచి గనులు మూతపడ్డాయి. సైరన్ కూత లేదు, లైన్లలో సగం ఇళ్లకు కప్పులు లేవు, అనపకాయలు ఒలుస్తూ అరుగుల మీద కూర్చునే మునెమ్మత్తలూ లేరు. నాయన చాలా ఏళ్లకు, రొమ్ములో చేరిన దుమ్ముతో దగ్గి దగ్గి, మంచం మీద పోయాడు. తన బదులు ఆ చెట్టు పోబట్టే ఆయన అన్నాళ్లు మాకు దక్కాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నేను నమ్మను. అయినా చెప్పిన ప్రతిసారీ, ఔనమ్మా అంటాను.