పెద్దబాపు ఫోన్లో ఆడిన క్యారమ్స్

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, పోయిన గురువారం పొద్దున చనిపోయాడు. నేను సైదాబాద్‌లో బడిలో పాఠం చెబుతుంటే లాల్‌దర్వాజా ఇంటి నుంచి తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, పెద్దబాపు లేడు" అన్నాడు. నాకు వెంటనే ఏడుపు రాలేదు. చిన్నప్పుడు ఆయనంటే ఉన్న భయమే ముందు గుర్తొచ్చింది.

ఆయన శాంతమూర్తి అని రాస్తే మా గల్లీలో నవ్వుతారు. పాలు విరిగితే గిన్నె గోడకేసి కొట్టేవాడు. ఎదురు చెప్పాడని మా నాన్న పన్ను ఊడగొట్టాడు. ఇంట్లో నా చదువు ఆపేస్తామన్న రోజు నా చెయ్యి పట్టుకుని కాలేజీకి నడిపించుకుపోయిందీ ఆయనే. అక్కడి గుమస్తాను కూడా బెదిరించాడు.

నేను పుట్టకముందు ఆయన ఒక మనిషి వేళ్లు నరికాడు. ఆ మనిషి ఉప్పుగూడలో దర్జీ, పెద్దబాపుకు ప్రాణస్నేహితుడు. సాయంత్రాలు ఇద్దరూ మా బర్రెల కొట్టం ముందు క్యారమ్స్ ఆడేవారట. ఒకరోజు ఆటలో లొల్లి అయింది. పెద్దబాపు బోర్డు ఎత్తి దర్జీ మొహాన కొట్టాడు. కిందపడినవాడి చేతిని మోకాలితో అదిమిపట్టి, గడ్డి కోసే కొడవలితో కుడిచేతి రెండు వేళ్లు తెగ్గొట్టాడు. క్యారమ్ పౌడరులో రక్తం ముద్దలు కట్టిందనీ, వేళ్లను తువ్వాలలో చుట్టి ఆస్పత్రికి పరుగెత్తినా అతకలేదనీ అమ్మ చెప్పేది. పెద్దబాపు జైలుకు వెళ్లొచ్చాడు. ఎవరడిగినా, దర్జీ తన తల్లిని తిట్టాడని చెప్పేవాడు. మేమూ అదే నమ్మాం.

మూడేళ్ల కింద తుంటి విరిగి ఆయన మంచానపడితే ఫోన్ కొనిచ్చాను. పాత లాల్‌దర్వాజా ఫొటోలు పెట్టుకునే ముసలివాళ్ల గ్రూపులో చేర్చాను. ఒకనాడు అందులో క్యారమ్స్ ఆడుతున్న కుర్రాళ్ల ఫొటో వచ్చింది. దాని కింద ఎవరో అందరి పేర్లూ రాసి, చివరన "ఎడమపక్కోడు నా వేళ్లు నరికినోడు" అని పెట్టారు. పెద్దబాపు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు: "నేనింక బతికే ఉన్న."

జవాబు రాలేదు. వారం తర్వాత దర్జీ నుంచి ఫోన్లో క్యారమ్స్ ఆటకు పిలుపు వచ్చింది.

అప్పటి నుంచి రోజూ నాలుగింటికి ఆడారు, ఒక్క మాట లేకుండా. చెక్క బోర్డు మీద స్ట్రైకర్ కొట్టలేని దర్జీ చేతికి ఫోన్ అద్దం మీద బొటనవేలు చాలు. ఓడినప్పుడల్లా పెద్దబాపు ఫోన్ విసిరేవాడు. అద్దం మూడుసార్లు మార్పించాను. నేను విసుక్కుంటే, "కోపం వచ్చిందని చెప్తే ఏం లాభం బిడ్డా? ఇసిరిన చెయ్యి నాదే గద" అన్నాడు.

ఒక సాయంత్రం ఆట ఆపి, మాట రికార్డు చేసే గుర్తు మీద వేలు నొక్కిపట్టాడు.

"నువ్వు మా అమ్మను తిట్టలే. నేను ఓడిపోయిన, గందుకే నరికిన. గిన్నేండ్లు అబద్ధం చెప్పిన."

పక్కనే కూర్చుని నేనూ విన్నాను. కాసేపటికి ఫోన్లో దర్జీ గొంతు వినిపించింది.

"నాకెర్కే. నీ నోటితోని ఇందామనే గిన్ని రోజులు ఆడిన. నిన్ను మాఫ్ మాత్రం చెయ్యను. రేపు నాలుగింటికి ఆటకు రా."

పెద్దబాపు పిడికిలితో నుదురు బాదుకున్నాడు. ఆపడానికి నా రెండు చేతులూ చాల్లేదు. మర్నాడు నాలుగింటికి మాత్రం దిండుకు ఆనుకుని, ఫోన్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆ తర్వాత రోజూ ఆట అయ్యాక మాట్లాడుకునేవారు. బర్రెల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి, పోయినవాళ్ల గురించి. ఒకరింటికి ఒకరు రమ్మని మాత్రం ఎన్నడూ పిలుచుకోలేదు.

చావు కబురు గ్రూపులో నేనే పెట్టాను. మధ్యాహ్నానికి దర్జీ నడిచి వచ్చాడు. మా బాబాయిలు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. నేను వాళ్లను జరగమన్నాను. అప్పటికే పెద్దబాపుకు కొత్త అంగీ తొడిగి పాడె మీద పడుకోబెట్టారు. నలుగురూ ఎత్తబోతుంటే, ఆగమని దర్జీ చెయ్యెత్తాడు. వంగి చూశాడు. హడావిడిలో ఎవరో అంగీ గుండీలు వంకరగా పెట్టారు. అన్నీ విప్పి, మిగిలిన వేళ్లతో కింది నుంచి ఒక్కొక్కటే పెట్టసాగాడు. మెడ దగ్గరి గుండీ రెండుసార్లు జారింది. సాయం చెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. గల్లీలో డప్పు ఆగింది.