కూనంబుల్ పశువుల స్టేషన్, నా ఒంగోలు కోతలు

రెండు వేల సంవత్సరం రాగానే ప్రపంచం మునిగిపోతుందని అందరూ భయపడ్డారు. మునిగింది మా కాంట్రాక్టులే. పాత కోడులో తేదీలు దిద్దడానికి సిడ్నీ వచ్చిన మాలాంటివాళ్ళకు మార్చికల్లా పని అయిపోయింది. హారిస్ పార్కులో మా కింది ఫ్లాటులో ఉండే గుంటూరు ఖాదర్ ఒక శనివారం పేపరు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

“అన్నా, ఇక ఈ స్క్రీన్ మొహం చూడను. కూనంబుల్ దగ్గర క్యాటిల్ స్టేషన్ ఒకటి సేల్‌కి ఉంది. నువ్వు చూసి ఓకే అంటే డిపాజిట్ కట్టేస్తా. మా ఆవిడ షకీలా తన నగలు కూడా ఇస్తానంది.”

స్టేషన్ అంటే ఇక్కడ పశువులు మేపే పెద్ద గడ్డి భూమి. నన్నే ఎందుకు చూడమన్నాడంటే, నాది ఒంగోలు. ఒంగోలువాడికి ఎద్దుల సంగతి తెలియకపోవడమేమిటని అతని నమ్మకం. ఆ నమ్మకాన్ని పెంచి పోషించింది నేనే. బార్బెక్యూకి నలుగురం చేరితే చాలు, బండలాగుడు పోటీల గురించీ, సుడులు చూసి ఎద్దుని ఎంచడం గురించీ తెగ కోతలు కోసేవాణ్ణి. అసలు మా నాన్న పోస్టాఫీసు గుమస్తా. నేను జన్మలో ఒక గడ్డిమోపు ఎత్తిన పాపాన పోలేదు. ఆ మాట చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు ఉదయం అయిదింటికి బయల్దేరాం. బ్లూ మౌంటెన్స్ ఎక్కి దిగి, బాథర్స్ట్, ఆరెంజ్ మీదుగా డబ్బో చేరేసరికి పదిన్నర. అక్కడ ట్యాంకు నింపుకోవడం మంచిది, ఆ తర్వాత బంకులు తక్కువ. అప్పట్లో పెట్రోలు లీటరు డాలరు లోపే, రానూపోనూ వంద డాలర్లు దాటలేదు. షకీలా కట్టిచ్చిన చపాతీలు, కోడి వేపుడు కారులోనే తిన్నాం. దారి పొడుగునా ఖాదర్ పుట్టబోయే దూడలకు పేర్లు పెడుతున్నాడు. నాకు చెమటలు పడుతున్నాయి. గిల్‌గాండ్రా దాటాక చెట్లు పలచబడి నేల చాపలా పరుచుకుంది. వానలు బాగా పడ్డ ఏడాది అది. అబ్బ, ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి! ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ పచ్చదనం కనిపిస్తుంది.

ఒంటిగంటకు చేరాం. యజమానురాలు మార్జరీకి డెబ్బై దాటాయి, భర్త పోయాడు, మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా తనే పాత ట్రక్కు నడుపుతూ పొలమంతా తిప్పింది. దొడ్లో మూపురం ఉన్న తెల్లటి ఆంబోతు ఒకటి గంగడోలు ఊపుతూ నిలబడి ఉంది.

“వీడి తాతముత్తాతలది మీ దేశమే,” అంది మార్జరీ.

ఊరివాడు ఎదురుపడ్డట్టు నా కళ్ళు చెమర్చాయి. ఆ ఊపులో దాని నుదుటి సుడి చూసి, “మేలు జాతి ఖాదర్! భూమి బంగారం!” అనేశాను. అతను జేబులోంచి డిపాజిట్ కాగితం తీశాడు.

వంటింట్లో టీ పోస్తూ మార్జరీ నన్నే అడిగింది. “పశువులు తెలిసినవాడివట కదా. రెండేళ్ళు వాన పడకపోతే ఈ నేల మీద ఎన్నింటిని ఉంచుతావు?”

ఖాదర్ పెన్ను పట్టుకుని నా మొహంలోకి చూస్తున్నాడు.

“నాకు తెలీదు ఖాదర్. పశువుల గురించి నాకు ఓనమాలు కూడా రావు. చెప్పినవన్నీ మా మామయ్య దగ్గర విన్న కబుర్లే.”

అదే మాట మార్జరీకి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

“వాన లేని ఏడు ఇక్కడ గడ్డిపోచ మిగలదు నాయనా. మందని రోడ్ల వారనే తోలుకుంటూ నెలల తరబడి మేపాలి. నేనూ మా ఆయనా గుర్రాల మీద అలాగే తిరిగాం. నాకు అమ్మక తప్పదు. కానీ వీటిని ఆకలికి చంపుకునే చేతుల్లో పెట్టలేను.”

ఖాదర్ పెన్నుకి మూత పెట్టాడు.

తిరుగుదారిలో ఆరెంజ్ దాకా ఖాదరే నడిపాడు. అక్కడ బంకులో కారు ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాడు. “నిన్ను తిట్టాలనుందన్నా. తిట్టలేకపోతున్నా.” నాకూ ఏడుపొచ్చింది.

ఇద్దరం మళ్ళీ స్క్రీన్ల ముందుకే చేరాం. ఆ స్టేషన్ ఎవరు కొన్నారో తెలియదు. పాతికేళ్ళయినా ఆ గడ్డి మీద గాలి గుర్తొస్తే మనసు అటే లాగుతుంది. మీరెవరైనా అటువైపు భూమి చూడడానికి వెళ్తే పచ్చగా ఉన్నప్పుడు ఒకసారి, ఎండిపోయినప్పుడు ఇంకోసారి వెళ్ళండి, కరువులో మందని ఎలా దాటించారో పక్క స్టేషన్లవాళ్ళని అడగండి. కొన్నేళ్ళకు ఖాదర్ మెల్‌బోర్న్‌కి మారి, క్రెయిగీబర్న్‌లో ఇల్లు కొనే ముందు నాకు ఫోన్ చేసి రమ్మన్నాడు.

“ఇళ్ళ గురించి నాకేం తెలుసయ్యా?” అన్నాను.

“అందుకే రమ్మంటున్నా. తెలీకపోతే తెలీదని చెప్పే మనిషి నాకు నువ్వొక్కడివే.”