లాటరీ ఫోటోల్లో పెరిగిన మా దీవెన

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ నా వందనాలు. సాక్ష్యం రాసివ్వమని పాస్టరుగారు అడిగినప్పటి నుంచీ తప్పించుకుని తిరుగుతున్నాను, ఎందుకంటే నా సాక్ష్యంలో డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు లేదు, తాగుడు లేదు, తలుపు బాదే అప్పులవాళ్ళు లేరు, నా చీకటి కాలమంతా ఒట్టి విసుగు! విసుగులోంచి కూడా దేవుడు విడిపిస్తాడా అని మీరు అడగవచ్చు. విడిపిస్తాడు, నన్ను విడిపించాడు, ఆయనకే మహిమ!

మా ఆయన ఏసురత్నంగారు ఈ కువైట్‌లోనే పుట్టారు. మా అత్తగారు అప్పట్లో ఇక్కడ నర్సు, పాలు మరిపించగానే బిడ్డను తణుకు పంపేసి మళ్ళీ డ్యూటీలో చేరిపోయారు. పెద్దయ్యాక ఈయన కూడా ఇక్కడికే వచ్చి దజీజ్‌లో గోడౌన్ సూపర్‌వైజరుగా కుదురుకున్నారు, నేను అర్దియాలో ఒక క్లినిక్కులో నర్సును, మా పాప దీవెన తణుకులో మా అక్క దగ్గర. ఇంతవరకూ మనలో చాలామంది కథే. ఇక్కడే మా ఆయనకు ఎవరో ఒక మాట చెప్పారు. అమెరికావాళ్ళు ఏటా లాటరీ తీసి కొంతమందికి గ్రీన్ కార్డు ఇస్తారట, ఇండియాలో పుట్టినవాళ్ళకు అందులో చోటు లేదట, కానీ కువైట్‌లో పుట్టినవాళ్ళకు ఉందట! ఈ దేశంలో ఎన్నేళ్ళు పనిచేసినా ఇఖామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే పర్మిట్టు, అయిపోగానే సంచి సర్దుకోవాల్సిందే, మరి ఇక్కడ పుట్టినందుకు ఎక్కడో అమెరికాలో శాశ్వతంగా ఉండనిస్తారంటే ఇది దేవుని ప్రణాళిక కాక ఇంకేమిటి అన్నారు మా ఆయన. ఆ రోజు నేను కూడా చప్పట్లు కొట్టాను, తెలియక!

ఆ రోజు నుంచి మా ఇంట్లో బతుకు ఆగిపోయింది సహోదరులారా. ఫ్రిజ్ తలుపు సరిగా మూతపడకపోతే తాడుతో కట్టుకుని వాడుకున్నాము, కొత్తది ఎందుకు, వెళ్ళిపోయేవాళ్ళమే కదా అంటారు. కిటికీకి పరదా వద్దు, వెళ్ళిపోయేవాళ్ళమే కదా. మంచం విరిగితే కింద ఇటుకలు పెట్టారు. అయితే ఫ్రైడే మార్కెట్‌కి వెళ్ళి మోకాళ్ళదాకా ఉండే మంచుకోటు మాత్రం కొనుక్కొచ్చారు, ఆయన మనసుపడ్డ చికాగోలో చలి ఎక్కువట! బయట ఎండకు తారురోడ్డు మెత్తబడుతుంటే మా గదిలో ఆ కోటు మేకుకు వేలాడుతూ ఉండేది, దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయేది.

వీటన్నిటినీ భరించాను. భరించలేనిది ఒక్కటే, మా పాప. కువైట్‌వాళ్ళు మధ్యలో ఆపేసిన ఫ్యామిలీ వీసాలు మళ్ళీ తెరిచారు, మా ఆయన జీతానికి పాపను తెచ్చుకోవచ్చు, గోడౌన్‌లో తోటివాళ్ళు తెచ్చుకున్నారు కూడా. నేను అడిగితే ఆయన జవాబు సిద్ధంగా ఉండేది.

"ఇప్పుడిక్కడ బళ్ళో ఏసి, మళ్ళీ అక్కడ బళ్ళో ఎయ్యాలా? పిల్ల చదువు పాడవదూ? ఈ ఏడాదొక్కటీ చూద్దామే, ఏకంగా అమెరికాకే తీసుకెళ్దాం."

పిల్ల మనల్ని మరిచిపోతుందండీ అంటే, "నేను మా అమ్మని చూడకుండా పెరగలేదా? ఏమైంది నాకు?" అనేవారు. ఏమైందో నేను చెప్పబోయేలోపే నా మాటను మధ్యలో తుంచేసి ఫోన్‌లో చికాగో వీధులు చూసుకునేవారు.

ఆ లాటరీకి ఏటా కొత్త ఫోటోలు కావాలి. వెనకాల తెల్లగోడ ఉండాలి, చెవులు కనపడాలి, ముఖం తిన్నగా పెట్టాలి. దీవెన ఫోటో తణుకు స్టూడియోలో తీయించి మా అక్క పంపేది. నా కూతురు ఎదగడం నేను చూసింది ఆ ఫోటోల్లోనే. ఒక ఏడాది బుగ్గలు, మరుసటి ఏడాది బుగ్గలు లేవు. ఒక ఏడాది రెండు జడలు, మరుసటి ఏడాది జుట్టు కత్తిరించేశారు, కత్తిరించమంటావా అని కూడా నన్నెవరూ అడగలేదు. క్లినిక్కులో ఎవరి పిల్లకో టీకా వేసి, ఆ పిల్ల వాళ్ళమ్మ మెడ పట్టుకుని ఏడుస్తుంటే, నేను సూది పారేసే వంకతో పక్కకు తిరిగిపోయేదాన్ని.

మా ఆయన ఆ ఫోటోలను ఊరికే పంపేవారనుకుంటున్నారా? ముందు మన సహవాసం వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు! మా ముగ్గురి ఫోటోలు, పూర్తి పేర్లు, పుట్టిన తేదీలు, పుట్టిన ఊళ్ళు, అన్నీ పెట్టి, వీటి మీద చేతులుంచి ప్రార్థించండి అని రాసేవారు. దేవుడికి మా పుట్టిన తేదీ తెలియదా అని నేను గొణిగితే, విశ్వాసం లేనిదానా అని నామీదికే వచ్చేవారు. మీరందరూ నమ్మకంగా ప్రార్థించారు. ఏటా ఎండాకాలంలో ఫలితం వచ్చేది, ఎంపిక కాలేదు. ఏటా మా ఆయన ఒక వారం అన్నం సరిగా తినేవారు కాదు, తర్వాత మళ్ళీ ఈ ఏడాదొక్కటీ అనేవారు.

ఇక దేవుడు చేసిన కార్యం వినండి. మొన్నటి చలికాలంలో మనమందరం ఊరవతల కబ్ద్‌లో తోట అద్దెకు తీసుకుని ఆరాధన పెట్టుకున్నాము, మీలో చాలామంది ఉన్నారు ఆ రోజు. బిర్యానీ దమ్ముకు పెట్టారు, ప్రార్థన మనవులు ఎవరివి వారు చెబుతున్నారు. మా ఆయన లేచి, ఈ ఏడాది కూడా లాటరీ వేశాను, గడువు ముగిసింది, జ్ఞాపకం చేసుకోండి అన్నారు. అది విని సిస్టర్ మణెమ్మగారు ఉండబట్టలేకపోయారు. ఆవిడ అర్దియాలోనే ఒక కువైటీ ఇంట్లో వంట చేస్తారు, ఆవిడ మనసు ఎంత మెత్తనిదో మీకు తెలుసు.

"అన్నయ్యగారూ, మీరేం బెంగెట్టుకోకండి. మీకు తెలీకుండా నేనూ ఏటా మీ పేరు ఏయిస్తన్నానండీ, మా మామా కూతురి చేత, అదే మా ఇంటి యజమానురాలి కూతురి చేత. రహస్యంగా చేసిన మేలు దేవుడు చూస్తాడని ఎవరికీ చెప్పలేదండీ."

అందరూ హల్లెలూయా అన్నారు. వెంటనే దజీజ్‌లోనే కంప్యూటర్ పని చేసే బ్రదర్ ప్రసాద్ లేచి, "నేను కూడా బ్రదర్! ఆఫీసులో కూర్చుని నేనూ ఏటా ఫిల్ చేస్తన్నా," అన్నారు. వెనకనుంచి ఇంకో చెయ్యి లేచింది. ఇంకోటి లేచింది. మా ఆయన గ్రూపులో పెట్టిన ఫోటోలూ తేదీలూ పట్టుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు, అందరూ మా పేర్లు వేశారు! ప్రేమగల సంఘమని పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటున్నారు, మా ఆయన ముఖం మాత్రం పాలిపోయింది.

"ఒక మనిషికి ఒక్కటేనండీ బాబూ వెయ్యాల్సింది!" అని అరిచారు. "రెండోది పడిందంటే అన్నీ ఖలాస్! ఏదీ లెక్కలోకి రాదు! నేనేసింది కూడా చెత్తబుట్టలోకే!"

మణెమ్మగారు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు, కానీ ఒక్క విషయం తోచింది, ఇప్పటికైనా ఈయనకు దేవుని చిత్తం అర్థమై ఉంటుంది కదా అని! మా ఆయన నీళ్ళు తాగి, కుర్చీలో కూర్చుని, మెల్లగా ఏమన్నారో తెలుసా? "సరే, అయిందేదో అయింది. వచ్చేసారి మీరెవరూ వెయ్యకండి. ఈ ఏడాదొక్కటీ చూద్దాం."

నా నెత్తురు మరిగిపోయింది సహోదరులారా! సరిగ్గా అప్పుడే పాస్టరుగారు, "సిస్టర్ సునీతా, బ్రదర్‌గారి ఆదరణ కోసం మీరే ప్రార్థన చేయండమ్మా," అన్నారు.

మీకందరికీ తెలిసిందే, ఇంట్లో ఆడమనిషి మాట్లాడితే ఎవరైనా అడ్డు తగులుతారు, ప్రార్థన చేస్తుంటే మాత్రం ఎవ్వరూ అడ్డు రారు. నేను ముసుగు వేసుకున్నాను. కళ్ళు మూసుకున్నాను.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీకు వందనాలు," అన్నాను. స్తోత్రం అన్నారందరూ. "నాకు భర్తనిచ్చావు తండ్రీ, మొండివాణ్ణిచ్చావు." అలవాటు కొద్దీ స్తోత్రం అన్నారు! "నాకు అమెరికా వద్దు ప్రభువా, ఆ మంచుకోటు వద్దు, నా కూతురికి పళ్ళూడినప్పుడు మా అక్క చూసింది, మళ్ళీ వచ్చినప్పుడు మా అక్క చూసింది, నేను తెల్లగోడ ముందు నిలబెట్టిన ఫోటో చూశాను. ఈ ఏడాదొక్కటీ అని విని విని విసిగిపోయాను తండ్రీ. రేపు పిల్ల పెద్దమనిషైతే అది కూడా ఫోన్‌లోనే చూడమంటావా? ఈయన తల్లి దగ్గర లేకుండా పెరిగాడు, నాకేమీ కాలేదంటాడు, ఈ రోజుకీ దుప్పటి అంచు గుప్పిట్లో పట్టుకుంటే తప్ప నిద్రపోడు, ఆ సంగతి నాకు తెలుసు, నీకు తెలుసు."

అక్కడ స్తోత్రాలు ఆగిపోయాయి. నేను ఆగలేదు. "నా బిడ్డను నాకిప్పించు తండ్రీ. వీసా పెట్టే మనసు ఈయనకివ్వు. యేసు నామంలో అడిగి వేడుకుంటున్నాము."

ఆమెన్ అన్నారందరూ. అందులో మా ఆయన గొంతు కూడా ఉంది, నేను విన్నాను!

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఆయన కిటికీ పక్క సీట్లో కూర్చున్నారు. అందరి ముందు పరువు తీశానని ఇంటికి వెళ్ళాక గొడవ తప్పదనుకున్నాను. అర్దియా సిగ్నల్ దగ్గర వ్యాను ఆగినప్పుడు, కిటికీలోంచి బయటికి చూస్తూనే అన్నారు, "అందరి ముందూ ఆమెన్ అన్నాను కదే. ఎల్లుండి మందూబ్‌ని కలుస్తా." మందూబ్ అంటే వాళ్ళ కంపెనీలో వీసా కాగితాలు చూసే మనిషి. నేను ఆ సిగ్నల్ దగ్గరే ఏడ్చేశాను.

దీవెన వచ్చింది. దేవునికే మహిమ! నేను సాక్ష్యంలో అబద్ధం చెప్పను, మా ఆయన ఆ లాటరీ సైటు ఇంకా అప్పుడప్పుడు తెరిచి చూస్తూనే ఉన్నారు, అయినా ఫ్రిజ్ కొన్నారు, మంచం కొన్నారు. పిల్లే, వచ్చిన కొత్తలో చుట్టాలింటికి వచ్చినట్టు ఉండేది. అన్నం పెడితే థాంక్యూ అమ్మా అనేది, ఏం కావాలన్నా ఏమీ వద్దమ్మా అనేది, స్నానానికి వెళ్ళడానికి కూడా అడిగి వెళ్ళేది. ఆ మర్యాద చూసి నేను వంటగదిలోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

మొన్న శుక్రవారం ఆరాధనకు ఆలస్యమవుతోందని తొందరపెట్టాను. "అబ్బా, నువ్వెప్పుడూ ఇంతేనమ్మా, ఊరికే అరుస్తావ్!" అని తలుపు దఢాలున వేసేసింది. ఎప్పుడూ అన్న మాట అంది సహోదరులారా! వచ్చి ఇంకా ఒక్క వేసవి కూడా దాటలేదు, నేను తన దగ్గర ఎప్పుడూ ఉన్నట్టే అంది. ఆ మూసిన తలుపు ముందు నిలబడి నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

కాబట్టి ఇది చదువుతున్న నా సహోదరీ, నీ ఇంట్లో కూడా ఎవరో ఈ ఏడాదొక్కటీ అంటూ ఉంటే, నీ మాట ఎవరూ వినడం లేదని కుంగిపోవద్దు. ప్రభువును నమ్ముకో, ఆయన వింటాడు. కాకపోతే ప్రార్థన కొంచెం గట్టిగా చెయ్యి, పక్కన కూర్చున్నాయనకి కూడా వినపడాలి.