విసుర్రాయి పిడి

భీమక్కను సినిమావాళ్లు పిలిచింది గోడలు అలకడానికి, రెండు రోజుల కూలికి. మూడో రోజు పొద్దున కోసిగి నుంచి గుంటూరు వైపు మిరపకోతలకు లారీ పోతుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ లారీ తప్పలేదు. పోయినేడు మోకాలు వాచి, వంగడం కష్టమైంది. ఈసారి ఎట్లాగైనా ఊళ్లోనే నిలవాలనుకుంది. సినిమా పని నలభై రోజులుందని విన్నది గాని, అలికిన గోడను మళ్లీ అలకమనరు గదా.

సెట్టు ఒక పాత మట్టిమిద్దె. కథలో అది సుగ్గికి పోయి, అంటే వలస పోయి, మూణ్ణెల్లకు తిరిగొచ్చే ఒంటరి ఆడమనిషి ఇల్లు. అందులో సామాను సర్దే పని దేవేంద్రది. ఆదోనిలో పెళ్లిళ్లకు వంటపాత్రలు అద్దెకిస్తాడు. ఈ చుట్టుపక్కల షూటింగుంటే అతన్నే పిలుస్తారు. పేదరికం కనబడాలన్నాడు డైరెక్టరు. దేవేంద్ర పగిలిన కుండలు పేర్చి, దండెం మీద చిరిగిన చీర వేసి, మూలమూలకూ బూజు అతికించాడు.

భీమక్క అలుకుగుడ్డ పక్కన పెట్టి చూసింది.

"ఏమప్పా, ఈ ఇంటామె సచ్చిపోయిందా?"

"లేదక్కా, సుగ్గికి పోయింది."

"పోయేది ఇల్లిట్ల పెట్టి పోతాదా? తిరిగొచ్చేది మనిషా, దెయ్యమా?"

దేవేంద్రకు కోపం రాబోయి నవ్వొచ్చింది. "నువ్వైతే ఎట్ల పెడతావు?"

"ముందు ఆమె ఎట్లాంటిదో సెప్పు. ఇరుగుపొరుగును నమ్ముతాదా?"

అతను కథ కాగితాలు తిరగేశాడు. "నమ్మదు. ఎవర్నీ ఏమీ అడగదు, ఎవరికీ ఏమీ ఇయ్యదు."

"నా మాదిరే."

పగిలిన కుండలు బయటికి పోయాయి. మంచం గోడకు నిలబడింది. జొన్నల డబ్బా మూతకు పాతగుడ్డ బిగిసింది. పంచలోని విసుర్రాయికి పిడి లేదు. భీమక్క ఇంటికి పోయి తన విసుర్రాయి పిడి తెచ్చి, లోపలి గదిలో కప్పుకు అడ్డంగా వేసిన దంతెల సందున దోపింది. సుగ్గికి పోయేముందు ఏటా ఆమె చేసే పనే. పిడి ఉంటే వాడకట్టంతా ఆ రాయి మీదే విసురుకుంటుంది.

మూడో రోజు పొద్దున డైరెక్టరు అది చూసి, గడప మీద బొంబాయి హీరోయిన్ ఏడ్చే సీను కొట్టేశాడు. దాని బదులు కెమెరా ముందు హీరోయిన్ తాళం తీసింది, తలెత్తకుండానే పైకి చెయ్యి పెట్టి పిడి అందుకుంది, పంచలోకొచ్చి రాయికి బిగించింది.

అంతలో బయట లారీ హారన్ మోగింది. మొగుడు మారెప్ప లారీ మీదనుంచి అరిచాడు. "ఏమే, వస్తాండావా లేదా? మేస్త్రి తిడతాండాడు!"

"నా పిడి ఇయ్యప్పా," అంది భీమక్క దేవేంద్రతో.

"ఇయ్యలేనక్కా. కెమెరాలో పడిపోయింది. ఇంగ ప్రతి సీన్లో అది ఆడనే ఉండాల. నలభై దినాలు."

భీమక్క పంచలో చతికిలబడింది. "పరాయింట్ల నా పిడి ఇడిసి నేను పోను."

"ఊరికే కూసుంటే కూలి ఎవరిస్తారు?"

"ఊరికే యాల? రేపు ఆ బొంబాయి పిల్ల రొట్టె తట్టల్లంట గదా. నేర్పేది నువ్వేనా?"

దేవేంద్ర డైరెక్టరు దగ్గరికి పోయాడు. తిరిగొచ్చి, "పొయ్యి యాడ పెట్టల్లో సూడక్కా," అన్నాడు.

ఆమె రాదని తెలిసి మారెప్ప లారీ మీదనుంచి ఇంటి తాళంచెవి విసిరాడు. అది దుమ్ములో పడింది. భీమక్క ఏరుకుని కొంగున ముడేసింది. కెమెరాకు అందని ఒక మూల దేవేంద్ర అతికించిన బూజు ఇంకా మిగిలే ఉంది. చీపురు తీసుకుని ముందు దాన్ని దులిపింది.